బర్రె తాగిన ప్రాక్టికల్స్

ఆ రోజు సుచరిత తొమ్మిదిన్నర బస్సుకు మోత్కూరు నుంచి నల్లగొండ పోవాలి. మధ్యాహ్నం డిగ్రీ చివరి ప్రాక్టికల్ పరీక్ష. ఏకకణ జీవులను ప్రాణంతో తీసుకుపోయి, సూక్ష్మదర్శినిలో చూపించి, కదిలే తీరును బట్టి ఏవి ఏ గుంపువో చెప్పాలి. తప్పితే ఏడాది పోతుంది. అందుకే కాలేజీలో అడిగి తెచ్చుకున్న చిన్న సూక్ష్మదర్శిని పక్కన, పదిహేను రోజులుగా మూడు సీసాల నీళ్లలో వాటిని కాపాడుకుంటోంది.

ఇంట్లో ఎవరు ప్రయాణం కట్టినా నాయనమ్మ బిక్షమ్మ చేతులు ఊరుకోవు. పోయేవాళ్ల ముఖం చూడలేక ఏదో ఒకటి తోముతూ ఉంటుంది. పెనిమిటి ఆఖరిసారి బస్సెక్కిన రోజు గంగాళం తోమింది. దానికి ఇప్పటికీ సొట్ట ఉంది. ఈవేళ చెంబులన్నీ అయిపోయాక కిటికీలో సీసాలు కనబడ్డాయి. ఆ ఇంట్లో గంజి గానీ, పులిసిన నీళ్లు గానీ నేలపాలు కావు. బర్రె కుడితి గోలెంలోకి పోతాయి. ఈ సీసాల్లోని నీళ్లూ పోయాయి. సుచరిత తల దువ్వుకొని వచ్చేసరికి సీసాలు తళతళలాడుతున్నాయి. బర్రె మూతి నాక్కుంటోంది.

“అవ్వా! సీసలల్ల నీళ్లేవి?”

“పాచి వట్టినయ్ బిడ్డా, కుడితిల వోసిన. మురికి సీసలు తీస్కపోతే పంతుళ్లు ఏమనుకుంటరు?”

“అయ్యో, నా పరీచ్చంత దాంట్లనే ఉన్నది! పారామీషియం, యూగ్లీనా, అమీబా!”

పాలకు వచ్చిన పక్కింటి గోపయ్య ఆఖరి పేరు దగ్గర ఆగిపోయాడు. నిరుడు అతనికి జిగట విరేచనాలైనప్పుడు దవాఖానలో చెప్పిన పేరు అదే.

“అమీబానా! నన్ను నెల్నాళ్లు చెంబు పట్టించింది అదే గదనే! గా పాలు నాకొద్దు తల్లీ!”

పోతూ పోతూ వాడకట్టంతా చాటాడు. ఘడియలో నలుగురు పొద్దున పోయించుకున్న పాలు వెనక్కి తెచ్చారు. “నేను చాయ్ తాగిన, ఇప్పుడెట్ల?” అంటూ ఎదురింటి కౌసల్య అరుగు మీద కూలబడింది. ఎవరో పశువుల డాక్టరు పరమేష్‌కు ఫోన్ చేశారు. ఇంకెవరో బర్రెను సంతకు తోలేయమన్నారు. ఆ మాటకు బిక్షమ్మ వెళ్లి బర్రె మెడ కావలించుకుంది.

“దీన్ని యాడికీ పంప! ఇప్పటిదాంక పంపినోళ్లు సాలు.”

పరమేష్ వచ్చి, బర్రె నోట్లోంచి గొట్టం దించి కడుపులోని పచ్చటి రసం గ్లాసెడు తీశాడు. “జర నీ మిషన్ల పెట్టి చూడు బిడ్డా” అన్నాడు.

సుచరిత చూసింది. ఒళ్లంతా ఉన్న సన్నటి నూగు ఆడిస్తూ, జొన్న గింజల్లాంటివి గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. తన మూడు సీసాలూ కలిపినా ఇన్ని లేవు.

“గవన్ని మన సీసలయేనా?” బర్రె మెడ వదలకుండానే అడిగింది బిక్షమ్మ.

“కాదు పెద్దమ్మా. ఏ బర్రె కడుపుల జూసినా గిట్లాంటియి కోట్లుంటయి. గడ్డి అరగనీకె సాయం జేస్తయి. తల్లి నాకంగ దూడకొస్తయి. ఇగ నీ సీసలయంటవా, దీని కడుపుల బతకయి. పాలకు ఫికర్ లేదు, కాచుకొని తాగుండ్రి.”

“తల్లి నాకితేనే వస్తయా?” బిక్షమ్మ ఆ ఒక్క మాట మళ్లీ చెప్పించుకుంది.

అప్పటికి తొమ్మిదింబావు. “సార్, గీ రసం తీస్కపోతే బతుకుతయా?” అంది సుచరిత.

“గాలి, చలి తగలకుంటె బతుకుతయి.”

ఇంకొంత రసం తీసి, చాయ్ ఫ్లాస్కు నిండా పోసి మూత బిగించారు. బిక్షమ్మ దానికి తువాల చుట్టింది. తోమడానికి ఇంకేమీ మిగలక బస్సు దాకా నడిచింది. చాలా ఏళ్ల తర్వాత, పోయే మనిషి ముఖం చూసి పంపింది.

పరీక్షలో అందరి సీసాల్లోనూ పారామీషియమే. సుచరిత ఫ్లాస్కు చుట్టూ పంతుళ్లు మూగారు. నూగులాంటి శైలికలతో ఈదేవి ఒక గుంపని, కశాభాన్ని కొరడాలా ఆడించేవి ఇంకో గుంపని ఆమె విడదీసి చూపించింది. పాకే అమీబా లేనందుకు మాత్రం రెండు మార్కులు తగ్గాయి.

అమీబా కావాలని ముందే చెబితే గోపయ్యను కూడా అదే బస్సెక్కించేదాన్నని బిక్షమ్మ ఇప్పటికీ అంటుంది.