పనసగుడ ద్వీపం

పనసగుడను ప్రపంచస్థాయి ద్వీపంగా తీర్చిదిద్దబోతున్నామని దేవీప్రసాద్ గారు అరకులో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. చుట్టూ కొండలే కదా, సముద్రమేదని ఒక విలేకరి అడిగాడు. సముద్రం సాంకేతికమైన అంశమనీ, ద్వీపమంటే నీళ్లు కాదు, అనుభూతి అనీ ఆయన సెలవిచ్చారు. విలేకరులు ఆ మాట రాసుకుని జీడిపప్పు ఉప్మా తిన్నారు.

దేవీప్రసాద్ గారు కొండప్రాంత పర్యాటక వికాస విభాగానికి ప్రత్యేకాధికారి. దూరదృష్టి గల మనిషి. ఎంత దూరమంటే, దగ్గరున్న పనసగుడకి ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు.

వెనక వరసలో కూర్చున్న ధర్మకి ఆ ప్రసంగంలో అర్థమైంది ఊరి పేరొక్కటే. అతను పనసగుడ వార్డు మెంబరు. ఊరికీ, హుకుంపేట పోయే రోడ్డుకీ మధ్య గెడ్డ ఉంది. వానాకాలం అది పొంగిందంటే రోగమొచ్చినా, నొప్పులొచ్చినా మనిషిని డోలీలో పడుకోబెట్టి, భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్లలో దాటించాలి. డోలీకి మంది కావాలని కేక వినపడితే ఎవరు ఏ పనిలో ఉన్నా రావాల్సిందే, భుజాన ఏ బరువున్నా దించాల్సిందే. అది ఆ ఊరి కట్టుబాటు. అందుకు డబ్బు మాట ఎత్తకూడదు, అదీ కట్టుబాటే.

గెడ్డ మీద వంతెన కోసం ధర్మ ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఊరిని పర్యాటక గ్రామం చేశాక ఆ ఫైలు దేవీప్రసాద్ గారి బల్ల మీదికొచ్చి పడింది. ధర్మ కోడలు నీలవేణికి శ్రావణంలో నెలలు నిండుతాయి. మొదటి కాన్పు. ఆ దిగులుతో ధర్మకి తిండి సహించడం లేదంటే ఎలా సహిస్తుంది మరి.

"బాబూ, వంతెన కాయితం మీద ఒక్క సంతకం ఎట్టేత్తే వానల్లోపు పని మొదలైపోద్ది. మా కోడలు గుంట వొట్టి మనిషి కాదు" అన్నాడు సమావేశం అయ్యాక.

"చిన్నచిన్నవి ఆలోచించకు ధర్మా. ముందు మనం కాస్టింగ్ అర్థం చేసుకోవాలి."

"అదేటి బాబూ?"

"ధర కట్టే విద్య. లొమారి అని ఒక దేశముంది. మహాసముద్రం మధ్యలో దీవి. అక్కడికి వారం రోజుల ప్యాకేజీ టూరంటే మనిషికి ఏడు లక్షలు. అయినా జనం ఎగబడుతున్నారు. ఆ ధరలో ఏముంది? అది తెలిస్తే మీ ఊరి దశ తిరిగినట్టే."

"పోను సేసి అడిగితే సెప్పరా?"

దేవీప్రసాద్ గారు జాలిగా నవ్వారు. "ధరని అనుభవించి తెలుసుకోవాలి. దాన్నే అధ్యయన యాత్ర అంటారు."

యాత్రకి గిరిజన సంక్షేమం పద్దులో సొమ్ముంది. ఆ పద్దులోంచి పైసా తియ్యాలంటే బృందంలో ఒక గిరిజన లబ్ధిదారు ఉండి తీరాలి. అలా ధర్మ లబ్ధిదారుడయ్యాడు. దేవీప్రసాద్ గారి భార్య జయశ్రీ గారు సాంస్కృతిక పరిశీలకురాలిగా, బావమరిది వరహాలరావు ఈత నిపుణుడిగా వచ్చారు. వరహాలరావుకి ఈత రాదు. నేర్చుకోవడానికే ఆ దేశం వెళుతున్నాడు కనక అదేమంత లోపం కాదు. రేషన్ కార్డులో పేరు దిద్దించుకోవడానికి ఏళ్లు తిరిగిన ధర్మకి పాస్‌పోర్టు వారంలో ఇంటికొచ్చింది. సర్కారు తల్చుకుంటే ఎంత బేగి పని జరుగుతుందో అప్పుడు తెలిసింది అతనికి.

వంతెన సంగతి విమానంలో తీరిగ్గా మాట్లాడుకుందామన్నారు దేవీప్రసాద్ గారు. విమానం ఎక్కగానే నిద్రపోయారు. విమానం మారారు, మళ్లీ నిద్రపోయారు. దేశం కోసం అలిసిన మనిషిని ఎలా లేపడమని ధర్మ ఊరుకున్నాడు.

లొమారిలో ఇసక తెల్లగా ఉంది, నీళ్లు నీలంగా ఉన్నాయి. పడవ నడిపే గైడు నల్లగా, ధర్మ పెదనాన్న కొడుకులా ఉన్నాడు. దేవీప్రసాద్ గారు కొబ్బరినీళ్లు తాగుతూ ధరల గుట్టు విచారించారు. గైడు ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. విమానం ఎప్పుడో గాని రాదు. బియ్యం, ఉల్లిపాయ, మేకు, ఆఖరికి అగ్గిపెట్టె కూడా ఓడలో రావాలి. తుపానొస్తే ఓడ రాదు. అందుకే అన్నీ ప్రియం.

దేవీప్రసాద్ గారు అదంతా తెలుగులో చెప్పేసరికి ధర్మ ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరమొచ్చినా మన బాధే పడే మనుషులున్నారనుకున్నాడు.

"ఒంట్లో బాగోనోల్ని ఏటి సేత్తారో అడగండి బాబూ."

అడిగారు. గైడు చాలాసేపు మాట్లాడాడు. చేత్తో సముద్రం వైపు చూపించాడు, పడవ ఊగినట్టు చెయ్యి ఊపాడు, తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు.

"ఏటంతన్నాడు బాబూ?"

"ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుందంటున్నాడు" అన్నారు దేవీప్రసాద్ గారు.

ధర్మ లేచాడు. వెళ్లి గైడు పక్కన కూర్చుని, తన దగ్గరున్న పొగాకు చుట్ట ఇచ్చాడు. ఇద్దరూ సముద్రం చూస్తూ కూర్చున్నారు. వరహాలరావు ఒడ్డున, మోకాల్లోతు నీళ్లలో కేకలు పెడుతున్నాడు.

ఆ సాయంత్రమే దేవీప్రసాద్ గారికి జ్ఞానోదయమైంది. "ధర్మా, ఏడు లక్షల గుట్టు తెలిసిపోయింది. దేన్లో ఉందో తెలుసా? వెళ్లలేకపోవడంలో. సులువుగా వెళ్లగలిగే చోటికి ఎవడిస్తాడు డబ్బు?"

"అయితే వంతెన?"

"వంతెన కడితే మీ ఊరి ధర ఏమైపోతుందో ఆలోచించావా?"

ధర్మకి ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాడు? పరాయి దేశం, తిరుగు టికెట్టు ఆయన జేబులో ఉంది.

తిరిగొచ్చాక ప్యాకేజీ చకచకా తయారైంది. గెడ్డ దాటడం 'ద్వీప ప్రవేశం' అయింది. కరెంటు లేకపోవడం 'నక్షత్ర దర్శనం' అయింది. డోలీకి ఎంత తీసుకుంటారని అడిగితే, డోలీకి డబ్బేమిటి బాబూ, తప్పు కదా అన్నారు ఊరివాళ్లు. దేవీప్రసాద్ గారు చలించిపోయి, డోలీని కాంప్లిమెంటరీ కింద వేయించారు.

ప్రారంభానికి శ్రావణంలో మంత్రిగారే వచ్చారు. బంతిపూల డోలీ కట్టి, ఊళ్లో భుజబలం ఉన్న మగవాళ్లందర్నీ గెడ్డ దగ్గరికి పిలిపించారు. వాళ్లలో ధర్మ కొడుకు గాసి కూడా ఉన్నాడు. భార్యకి నెలలు నిండాయి, నేను రానంటే, పూట పనే కదా అని పంపించారు. ధర్మకి ఊళ్లో స్వాగతం పని అప్పజెప్పారు.

అటు వాళ్లు వెళ్లారో లేదో ఇటు నీలవేణికి నొప్పులు మొదలయ్యాయి. కాన్పులు చేసే సోములమ్మ కడుపు తడిమి చూసింది.

"బిడ్డ అడ్డం తిరిగిపోనాది ధర్మా. నా సేతిలో లేదు. బేగి ఆస్పత్రికి దించాల."

ధర్మ తప్ప మోసే మగవాళ్లు లేరు. ఆడవాళ్లే డోలీ ఎత్తారు. బొంగు ముందు కొస ధర్మ భుజం మీద. జారే దారిలో దిగుతుంటే నీలవేణి మూలుగు వెనక నించి వినపడుతూనే ఉంది. ధర్మ తనకి తెలిసిన దేవతలందర్నీ తలుచుకున్నాడు, దేవీప్రసాద్ గారిని కూడా తలుచుకున్నాడు, వేరే రకంగా.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి మంత్రిగారి డోలీ నడిమధ్యలో ఉంది. రోడ్డు గట్టున కెమెరాలున్నాయి.

"డోలీకి మంది కావాల" అని ధర్మ కేకేశాడు.

మోసేవాళ్లు ఆగిపోయారు. నీళ్ల మధ్య పెద్ద బండ ఒకటుంది. మంత్రిగారిని దాని మీద జాగ్రత్తగా దించారు.

"కొంచిం సేపు కూకోండి బాబూ. మల్లీ వొత్తాం" అన్నాడు గాసి.

అందరూ వచ్చి నీలవేణి డోలీ అందుకున్నారు, మంత్రిగారి పక్కనించే గెడ్డ దాటారు. అవతల కాన్వాయ్‌లో మంత్రిగారి ఆరోగ్యం కోసం తెచ్చిన అంబులెన్సు ఉంది. అందులో ఎక్కించారు. డ్రైవరు ఎవర్నీ అడగలేదు, పోనిచ్చేశాడు.

బండ మీద మంత్రిగారు పాదాలు పైకి ముడుచుకుని కూర్చున్నారు. వాన జోరైంది.

"దేవీప్రసాద్, ఇక్కడ వంతెన లేదేమయ్యా?" అని అరిచారు.

"అదే సార్ ప్యాకేజీ" అన్నారు దేవీప్రసాద్ గారు గట్టు మీంచి.

మోసేవాళ్లు మాట ప్రకారం తిరిగొచ్చి మంత్రిగారిని గట్టుకి చేర్చారు. తడిసిన బట్టలతోనే ఆయన వంతెన మంజూరు చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ వార్తా, మనవడు పుట్టాడన్న వార్తా ఒకే పూట ఊరికి అందాయి. ధర్మ ఆడమగా తేడా లేకుండా అందరికీ కాఫీ పోశాడు. ఆ రోజు దేవీప్రసాద్ గారు ఎదురైతే ఆయనకీ పోసేవాడే.

సంక్షేమమంటే మాటలు కాదు, వంతెన నిజంగానే పూర్తయింది. రిబ్బను కత్తిరించిన రోజు నీలవేణి బిడ్డనెత్తుకుని, గాసితో కలిసి పుట్టింటి నించి వచ్చింది. అందరితో పాటు వంతెన ఎక్కింది. వంతెన రోడ్డు గట్టు నించి తిన్నగా మంత్రిగారు కూర్చున్న బండ దాకా వెళ్లి, అక్కడ స్టీలు రెయిలింగుతో ఆగింది. కూర్చోవడానికి సిమెంటు బెంచీ కూడా వేశారు.

"బాబూ, మిగతా సగం?" అన్నాడు ధర్మ.

"మిగతా సగం కూడా కట్టేస్తే ఇంక ద్వీపమెక్కడుంటుంది ధర్మా?" అన్నారు దేవీప్రసాద్ గారు, ఎంతో ఓర్పుగా.

నీలవేణి బిడ్డని గాసి చేతికిచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, రెయిలింగు కింద నించి దూరి, ఊరి వైపు గెడ్డలోకి దిగింది.