గుడిసె దాకా మారథాన్

భార్య అడిగిన దేన్నీ దోరి ఇంతవరకూ కాదనలేదు. ముందు సరే అనేస్తాడు, తరువాత తప్పించుకునే దారి వెతుక్కుంటాడు. వాళ్ళ కాపురం ఇన్నేళ్ళూ ఇలాగే సాఫీగా సాగింది.

ఈసారి లీనా అడిగింది గడ్డకట్టిన సరస్సు మీద మారథాన్.

“నాతో పాటు పరుగెత్తు,” అంది, అతని కంచంలో చేప ముక్క వేస్తూ. “గెలవక్కర్లేదు. పక్కన ఉంటే చాలు.”

“సరే,” అన్నాడు దోరి. ఆ మాట నోరు దాటాక గానీ అతని చెవికి చేరలేదు.

ఫిబ్రవరిలో కెనడాలోని విన్నిపెగ్ సరస్సు మీద ఆవలిస్తే పళ్ళు గడ్డకడతాయి. లీనా అప్పటికే రెండేళ్ళు ఆ పందెంలో సగం దారిలో ఆగిపోయింది. రెండుసార్లూ దోరి మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి మీద వేడి కాఫీతో ఎదురెళ్ళి, “చాల్లే, ఎక్కు” అని దుప్పటి కప్పి ఇంటికి తెచ్చాడు. తనంత ప్రేమగల మొగుడు మానిటోబా రాష్ట్రం మొత్తంలో లేడని అతని నమ్మకం.

ఇక అతని శరీరమంటారా, సోఫాకు బూట్లు తొడిగినట్టు ఉంటుంది. అది పరుగెత్తదు. మహా అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుకోవచ్చు.

అయితే పందెం దారికి గుర్తులు పాతేది దోరీయే. పండగయ్యాక ఊళ్ళోవాళ్ళు బయట పడేసిన క్రిస్మస్ చెట్లను పోగుచేసి మంచులో వరసగా గుచ్చుతాడు. సరస్సు మీద దారంటే అదే. ఆ వరస దూరాన ఉన్న ఎర్ర డ్రమ్ము దాకా పోవాలి, దాన్ని చుట్టి మళ్ళీ వెనక్కి రావాలి. మధ్యలో కాస్త పక్కగా, దోరి చేపలు పట్టుకునే గుడిసె ఉంది. అందులో పొయ్యి ఉంది, పెనం ఉంది, మెత్తటి కుర్చీ ఉంది.

దోరి చెట్ల వరసను కొద్దిగా వంచాడు, సరిగ్గా గుడిసె గుమ్మం దాకా. వెనకబడినట్టు నటించి లోపలికి దూరడం, చేపలు వేయించుకోవడం, లీనా డ్రమ్ము చుట్టి వచ్చేసరికి కనుబొమ్మలకు మంచు రాసుకుని ఆయాసపడుతూ పక్కన చేరడం, ఇదీ పథకం. ఆ వంపుకే చెట్లన్నీ ఖర్చయిపోయాయి. గుడిసె దాటాక పాతడానికి ఒక్కటీ మిగల్లేదు. డ్రమ్ము ఎర్రగా ఉంది కదా, దానంతటదే కనబడుతుందిలే అనుకున్నాడు.

పందెం రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. కొంతదూరం పోయాక దోరి నడుము పట్టుకుని, నువ్వు పద, వెనకే వస్తున్నానన్నాడు. లీనా ఒకసారి వెనక్కి తిరిగి చూసి ముందుకు పోయింది.

అప్పుడు లేచింది గాలి. సరస్సు మీది మంచు మొత్తం పైకి లేచి తెల్ల చీకటి కమ్మేసింది. చాచిన చెయ్యి చివర వేళ్ళున్నాయో లేవో తెలియని తెలుపు. దోరి ఒక్కొక్క చెట్టునూ కౌగిలించుకుంటూ గుడిసె చేరి తలుపు తీశాడు.

లోపల అడుగు పెట్టే చోటు లేదు. ముందు పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అతని కుర్చీలో పల్లి కూర్చున్నాడు. పేరుకి పల్లీయే గానీ మనిషి గుమ్మడికాయ. కూర్చున్న చోటి నుంచే దోరి పెనంలో దోరి చేపను తిరగేస్తున్నాడు.

“చెట్లు ఇక్కడితో అయిపోయాయి,” అన్నాడు పల్లి నములుతూ. “ఎవడు పాతాడో గానీ మహానుభావుడు.”

దోరి అందరి ముఖాలూ చూశాడు. “లీనా ఏది?”

ఎవరూ చూడలేదన్నారు. పల్లి నమలడం ఆపేశాడు.

దోరి బయటికి పరుగెత్తాడు. సోఫా నిజంగానే పరుగెత్తింది. లీనా పేరు పిలుస్తూ, పడుతూ, లేస్తూ, తాను పాతిన ప్రతి చెట్టునూ తిట్టుకుంటూ ఎటు పోతున్నాడో తెలియకుండా పోయాడు. చివరికి వెతకడానికి వచ్చినవాళ్ళు అతన్ని పట్టుకుని, దుప్పటి చుట్టి స్నోమొబైల్ ఎక్కించారు. మీ ఆవిడ ఎప్పుడో వచ్చేసింది, ఈ ఏడు పందెం పూర్తిచేసింది ఆమె ఒక్కతే అని దారిలో చెప్పారు.

పందెం ముగిసే చోట ఉన్న ఊరి హాల్లో లీనా బఠాణీ సూపు తాగుతోంది. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టి వెళ్ళిపోయారు. దోరి ఎదురుగా కూలబడ్డాడు.

“వంపు దగ్గరే తెలిసింది,” అంది ఆమె. “డ్రమ్ము వైపు పోయేటప్పుడు గాలి ఎడమ చెంప మీద కొట్టాలి. ఎదురుగా ముక్కు మీద కొట్టింది. కన్ను పనిచేయనప్పుడు చెంపను నమ్మమనేవాడు మా నాన్న. చెట్లను వదిలేసి చెంపనే నమ్మి డ్రమ్ము దాకా పోయాను. చెట్లు పాతింది నువ్వు. అవి ఎటు పోతున్నాయో తెలుసుకోవడం ఎంతసేపు?”

“అయితే గుడిసెకే రావచ్చుగా. అంత చలిలో…”

“వస్తే చేప పెడతావు. దుప్పటి కప్పుతావు. చాల్లే అంటావు. నేను కూర్చుండిపోతాను.” చెంచా గిన్నెలో పెట్టింది. “రెండేళ్ళూ నేను ఆగింది చలికి కాదు, దోరీ.”

ముగింపు గీత దాటేటప్పుడు ఎలా అనిపించిందని దోరి అడిగాడు.

“పల్లి వాళ్ళావిడ సంతోషం పట్టలేక ఏడ్చింది. నేను పక్కకి చూశాను. నువ్వు లేవు.”

“వచ్చే ఏడు పక్కనే ఉంటాను. ఒట్టు. ఈ రోజు నుంచే పరుగు మొదలుపెడతాను.”

లీనా అతని కనుబొమ్మ మీది మంచును బొటనవేలితో తుడిచింది. ఈసారి అది అసలైన మంచు.

“వచ్చే ఏడు నేను పరుగెత్తనుగా,” అంది. “ఒక్కసారి పూర్తిచేయాలనుకున్నాను. చేసేశాను.”

మిగిలిన సూపు అతని వైపు జరిపి, కోటు తెచ్చుకోవడానికి లేచింది.