ఉప్పుటేటిపాళెంలో రేడియం రంగు

రోజా వాకిట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తుండగా, ఊరి ప్రాణరక్షణ కార్యక్రమం రంగు కుదరక మళ్ళీ వాయిదా పడిందని ఫోను వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయని అత్త మస్తానమ్మ ఫోను తెచ్చి కోడలి చెవి దగ్గర పట్టుకుంది. అవతల, కోట టౌనులో ఫ్లెక్సీల షాపు నడిపే హెన్రీ.

“రోజాక్కా, బ్యానరు మళ్ళీ తిప్పి పంపినారక్కా. జాకెట్టు వెలగడం లేదంట.”

“మూడోసారా?”

“ఏమో అక్కా, నేను లెక్కబెట్టడం మానేసినా.”

సంగతి మొదటి నుంచీ తెలియని వారి సౌకర్యార్థం కొంత వెనక్కి వెళ్ళాలి. రోజా కంప్యూటర్ కోర్సు చేసి, ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని హెన్రీ షాపుకు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది. ఆ చుట్టుపక్కల పుట్టినరోజు చేసుకున్నవాళ్ళూ, పెద్దమనిషి అయినవాళ్ళూ, కాలం చేసినవాళ్ళూ ఆమె చేతి మీదుగానే లోకానికి కనబడతారు. పోయిన చలికాలం ఆమె భర్త మధుబాబు మంచులో పడవ మీంచి జారి సముద్రంలో పడ్డాడు. నల్లచొక్కా వేసుకున్నాడు. నీళ్ళలో మనిషి తల ఎంత చిన్నదో పాళేనికి ఆ రోజు తెలిసింది. వెతకడానికి వెళ్ళిన పడవలు అతని పక్కనుంచే పోయాయి, పక్కనుంచే తిరిగొచ్చాయి. చివరికి చేపల కోసం వేసిన ఎవరి వలకో తగిలాడు కాబట్టి రోజా మెడలో తాళి ఉంది.

ఆ వార్త విని రొయ్యల చెరువుల యజమాని నరేంద్రబాబు చలించిపోయారు. వచ్చే ఎన్నికల్లో ప్రజలు తనను బలవంతంగా నిలబెట్టేస్తారేమోనన్న భయంతో ముందు నుంచే సేవ చేసుకుంటున్న మనిషి ఆయన. పాళెంలో సముద్రం మీదికి పోయే ప్రతి మగవాడికీ లైఫ్ జాకెట్ తెప్పించారు. పచ్చా కాదు, పసుపూ కాదు. చూస్తే కంట్లో గుచ్చుకునే రంగు. ఆ తీరంలో అందరూ రేడియం రంగు అంటారు.

అంతటి సరుకు చేతికిస్తే పాడైపోతుందని తుపాను షెల్టరులో పెట్టి తాళం వేశారు. ఊరిపెద్ద అయిన పెద్దకాపు గంగులయ్య దురాయి కూడా వేశాడు. సభ జరిగి, బాబుగారు స్వహస్తాలతో ఇచ్చేదాకా జాకెట్టు ఎవరూ ముట్టరాదు. పాళెంలో పెద్దకాపు వేసే కట్టుబాటు కోర్టు తీర్పు కన్నా గట్టిది. కోర్టుకైతే పై కోర్టు ఉంటుంది.

అడ్డమల్లా బ్యానరే. రోజా డిజైన్ చేసి పంపితే అందరి ఫోన్లలో బాబుగారు రేడియం రంగు జాకెట్టు పట్టుకుని వెలిగిపోయారు. అదే హెన్రీ మెషీన్లోంచి బయటికొచ్చేసరికి జాకెట్టు నానబెట్టిన మెంతుల రంగుకు తిరిగింది.

నరేంద్రబాబు పరివారంతో రోజా ఇంటికే వచ్చారు. “ఏంది తల్లీ ఇది? ఇది చూస్తే జనం నేను చవక సరుకు ఇచ్చినాననుకోరా? ప్రజాసేవలో రంగు తేడా రాకూడదు.”

“అన్నా, ఫోను వెనక లైటు ఉండాది, అందుకని వెలగతాది. మెషీన్లో ఉండేది నాలుగు ఇంకులు. వాటిని ఎట్టా కలిపినా ఆ రంగు రాదు.”

“అయితే అయిదో ఇంకు పొయ్యమ్మా. ఖర్చుకు నేను వెనకాడతానా?”

సమస్య శాస్త్రీయంగా పరిష్కరించాలని పెద్దలతో వర్ణ నిర్ధారణ సంఘం ఏర్పడింది. అసలు కావలసిన రంగు ఏదో ముందు తేల్చాలని సభ్యులు ఫోన్లు వరసగా పెట్టి చూశారు. ఏ రెండు ఫోన్లలోనూ ఒక రంగు లేదు. తర్జనభర్జనల తర్వాత, అన్నిటికన్నా ఖరీదైన ఫోనులో కనబడేదే నిజమైన రంగని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ఫోను ఎవరిదో చెప్పనక్కరలేదు.

తర్వాత ఫ్లెక్సీ వెనక ట్యూబ్‌లైట్లు కట్టి చూశారు. జాకెట్టు కాస్త వెలిగిన మాట నిజం. అయితే వెలుగుకు పురుగులు చేరి బాబుగారి ముఖానికి గడ్డమూ, నుదుటి మీద మరో జత కనుబొమలూ మొలిపించాయి. ఆ పైన జాకెట్టు బొమ్మ మేర రేడియం స్టిక్కరు కత్తిరించి అంటించారు. ఈసారి రంగు అద్భుతంగా కుదిరింది. ఫ్లాషు వేసి ఫొటో తీస్తే మాత్రం జాకెట్టు భగ్గుమంది, బాబుగారి ముఖం నల్లబడింది.

“జనం రేపు ఎవరికి ఓటెయ్యాలి? జాకెట్టుకా?” అన్నారు ఆయన. స్టిక్కరు పీకేశారు.

ఈలోగా, ఏ సంఘం తీర్మానమూ లేకుండానే మంచు మొదలైంది. మగవాళ్ళు నల్లచొక్కాలతోనే సముద్రానికి పోతూ వస్తూ ఉన్నారు. ఒకరోజు మధుబాబు అన్నం ముందు కూర్చుని అన్నాడు.

“షెల్టరు కిటికీలోంచి చూసొచ్చినా మే. తాళమేసిన గదిలో గూడా ఎంత బాగా అగపడతా ఉండాయో! ఎవురికి అగపడాలనో మరి.”

“నువ్వు నీళ్ళల్లో పడినప్పుడు ఎవురన్నా రంగు గురించి మాట్లాడినారా?” అంది మస్తానమ్మ. “ఇప్పుడు చూడు, ఊరంతా రంగులోనే మునిగుండాది.”

రోజా ఆ రోజే షెల్టరు దగ్గర జరుగుతున్న సంఘం సమావేశానికి పోయింది. జాకెట్లు ముందు ఇచ్చేసి బ్యానరు తర్వాత కట్టుకోమని అడిగింది. బ్యానరు లేకుండా ఇస్తే ఇచ్చినట్టు ఎవరికి తెలుస్తుందని సంఘం అడిగింది. పుచ్చుకున్నవాళ్ళకు తెలుస్తుంది కదా అంటే, ఆ కోణం ఇంతవరకూ పరిశీలనకు రాలేదన్నారు. రోజా గొంతు పెంచింది.

“బ్యానరు జాకెట్టు రంగుకు రాదన్నా! చేతనైతే జాకెట్లే మార్చి బ్యానరుకు సరిపోయేవి తెచ్చుకోండి!”

నరేంద్రబాబు కుర్చీలోంచి మెల్లగా లేచారు.

“చదువుకున్న బిడ్డ అంటే ఇదబ్బా! ఇంతమందిమి ఉండాం, ఒక్కరికన్నా తట్టిందా?”

“అన్నా, నేను ఎకసెక్కానికి అన్నాను.”

“తగ్గించుకోబాక తల్లీ. గొప్ప ఆలోచనలు అట్నే వస్తాయి.”

“ఆ రంగు నీళ్ళల్లో అగపడేదానికి గదన్నా!”

“సభ నీళ్ళల్లో జరగదు గదమ్మా,” అన్నాడు గంగులయ్య, చిన్నపిల్లకు చెప్పినట్టు.

బ్యానరులోంచి జాకెట్టు ముక్క కత్తిరించి, పాత జాకెట్లతో పాటు వ్యానులో వేసి చెన్నైకి పంపారు. అక్కడి వ్యాపారి ఆ ముక్క చూసి సంతోషం పట్టలేకపోయాడట. సరిగ్గా ఆ రంగువి, ఎవరూ కొనక, అతని గోడౌనులో ఎన్నాళ్ళుగానో మూలుగుతున్నాయి. రేడియం రంగువి తీసుకుని అవి ఇచ్చాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సంఘం సభ్యులు కొత్త జాకెట్టును కొత్త బ్యానరుకు ఆనించి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. గంగులయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

సభ దివ్యంగా జరిగింది. “చెప్పేది ఒకటి, చేసేది ఒకటి నా దగ్గర ఉండదు,” అన్నారు నరేంద్రబాబు మైకులో. “బ్యానరులో ఏముందో మీ చేతిలోనూ అదే ఉంది. సరిచూసుకోండి!” జనం సరిచూసుకుని చప్పట్లు కొట్టారు. ఊరి సమస్యను తన మేధస్సుతో పరిష్కరించినందుకు రోజాకు శాలువా కప్పారు. ఆమె ఏదో చెప్పబోతే మైకు ఫొటోలకు అడ్డమొస్తోందని పక్కకు తీశారు. జాకెట్టు లేకుండా ఇక ఎవరూ పడవ ఎక్కరాదని గంగులయ్య ఆ వేదిక మీదే కొత్త దురాయి వేశాడు.

ఆ ఫొటో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. నిజాయితీ అంటే ఇదీ అనుకుని మీరూ ఒక బొటనవేలు ఎత్తే ఉంటారు. జాకెట్లు ఏ రంగులో ఉండాలో అడిగినవాళ్ళు ఎవరూ లేరు. రంగు కలిసిందా లేదా అని మాత్రం అందరమూ చూశాం.

మర్నాడు తెల్లవారేసరికి మంచు ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చింది. ఏటి బురద కలిసి సముద్రం నానబెట్టిన మెంతుల రంగులో ఉంది. మధుబాబు కొక్కేనికి ఉన్న జాకెట్టు తీసి తొడుక్కున్నాడు.

“ఈ ఒక్కరోజు ఆగయ్యా, మంచు పోనీ,” అంది రోజా.

అతను పట్టీలు ఒక్కొక్కటే బిగించుకున్నాడు. భార్య వంక ఒకసారి చూశాడు. గడప దాటి ఇసకలోకి దిగాడు. రోజా గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. అతను నీళ్ళ దాకా నడిచాడు. ఆ తర్వాత ఎక్కడిదాకా జాకెట్టో, ఎక్కడినుంచి సముద్రమో ఆమెకు తెలియలేదు. రంగు అంత కచ్చితంగా కలవడం ఆమె ఎన్నడూ చూడలేదు.