కొట్టుకునే లైటు వల్ల కలిగే లాభాలు

ఇంట్లో లైటు టపటపా కొట్టుకోవడం అదృష్టం! నవ్వకండి. నిలకడగా వెలిగే దీపం కింద కూర్చుని ఈ మాట చదువుతున్న మీకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు, అంతే.

ఈ సంగతి మీకు విన్నవిస్తున్నది సదాశివ. ఈ కాలమ్ రాసేదీ ఆయనే, ఇందులో నవ్వులపాలయ్యేదీ ఆయనే. 'నేను' అని రాసుకోవడానికి మొహం చెల్లక, తన గురించి పరాయివాడిలా చెప్పుకుంటున్నాడు. నాంపల్లి కోర్టులో క్లర్కు. ఓడిపోయే కేసును గొంతు తగ్గకుండా ఎలా వాదించాలో రోజూ వింటూనే ఉంటాడు. ఆ విద్య ఇంట్లో అక్కరకొస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

అబిడ్స్‌లో జీపీఓ వెనక గల్లీలో ఆయన ఫ్లాట్. హాలుకు ఫాల్స్ సీలింగ్, దానికి వరసగా హాలోజన్ లైట్లు. గృహప్రవేశానికి ముందు వాటిని దగ్గరుండి పెట్టించింది బామ్మర్ది కరుణాకర్. ఆ లైట్లు ఎంత అందమో అంత వేడి! కింద కూర్చుంటే నడినెత్తి మాడేది. ఎండాకాలంలో సదాశివ సొంత హాల్లో తల మీద తడి తువ్వాలు వేసుకుని పేపర్ చదివేవాడు. ఇక లాభం లేదని ఓ రెండో శనివారం ట్రూప్ బజార్ వెళ్లి ఎల్ఈడీ బల్బులు కొనుక్కొచ్చాడు.

ఆయన స్టూలెక్కి ఉండగానే, సంగతి తెలిసిన కరుణాకర్ ఫోన్‌లో హెచ్చరించాడు.

"బావా, బల్బులొక్కటే మారిస్తే పని గాదు. సీలింగ్‌ల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పాతది. పెద్ద బల్బులకు అలవాటైంది. గీ తక్కువ కరెంటు తినేటియి దానికి ఆనవు, లైటు కొట్టుకుంటది. ఫికర్ జెయ్యకు, నేనొచ్చి మారుస్త."

బామ్మర్ది చెప్తే బావ వినడమా? ఏ ఇంట్లో జరిగిందండీ ఇది! పెళ్లిలో అలకపాన్పు మీద కూర్చుని ఇదే కరుణాకర్ చేత బతిమాలించుకున్న మనిషి, ఇప్పుడు అతని మాట విని స్టూలు దిగుతాడా? దిగలేదు. బల్బులన్నీ మార్చాక దిగి, స్విచ్ వేశాడు. హాలంతా ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏందిది?" అంది ఆయన భార్య పద్మ.

పద్మ పట్టుచీరల కొంగులకు కుచ్చులు అల్లుతుంది. సాయంత్రం కాగానే చీరలు, దారాలు, పూసలు హాలంతా పరుచుకుని కూర్చుంటుంది. ఆ పనికి వెలుతురే ప్రాణం.

"కొత్తయి గదా, జర అలవాటు పడాలె," అన్నాడు సదాశివ.

అవి అలవాటు పడలేదు. కరుణాకర్‌కు ఫోన్ చేద్దామంటే ఇజ్జత్ అడ్డొచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. కొట్టుకునే లైటే మంచిదని నిరూపించడం!

నిరూపించాడు కూడా. వినండి.

పై ఫ్లాట్ దుర్గేష్ ఉన్నాడు. రోజూ వచ్చి, పాడైన లిఫ్టు గురించి రెండు టీలు తాగేంతసేపు బాధపడేవాడు. ఇప్పుడు గుమ్మంలోంచే "సదాశివన్నా, కండ్లు తిరుగుతున్నయే!" అని వెనుదిరుగుతున్నాడు. ఎంత ఖరీదైన తాళం చేయగలదండీ ఈ పని?

ఇక ఆరోగ్యం. ఫోన్లు చూస్తూ జనం రెప్పవేయడం మర్చిపోతున్నారని డాక్టర్లు మొత్తుకుంటున్నారా, లేదా? ఈ హాల్లోకి వచ్చి రెప్ప వేయకుండా ఉండమనండి చూద్దాం!

కరెంటు మాటేమిటంటారా? ఎల్ఈడీ ఎలాగూ తక్కువ తింటుంది. అందులోనూ సగంసేపు ఆరిపోయే ఉంటుంది. ఆదా మీద ఆదా! గోడ మీది బల్లి సైతం, పురుగు ఎక్కడుందో తేల్చుకోలేక నాలుగుసార్లు గోడనే కొరికి, సిగ్గుపడి వంటింటికి మకాం మార్చింది. ఎదురు బిల్డింగ్ వాళ్లు "లోపట పెళ్లా ఏంది?" అని వాచ్‌మన్‌ను అడిగారట. పైసా ఖర్చు లేకుండా పెళ్లికళ! పైగా కంచంలో ఉన్నది బీరకాయో సొరకాయో తేలదు. ఏ కూరో తెలియకుండా వంక పెట్టడం ఎంతటి మొగుడి తరం?

ఈ లాభాలన్నీ సదాశివ రోజూ సాయంత్రం పద్మకు వివరించేవాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కించబోతుంటే పక్కన నిలబడి మరీ వివరించేవాడు. ఓ రోజు పద్మ సూదిని సోఫాకు గుచ్చి, చీరలు సంచిలో సర్దుకుంది.

"నేను నాంపల్లి పోతున్న. తమ్ముని ఇంట్ల కూసోని అల్లుకుంట. అన్నం వండిన, పెట్టుకొని తినుండ్రి."

మరునాడూ వెళ్లింది. ఆ మరునాడూ వెళ్లింది. పని అయ్యాక కరుణాకర్ స్కూటర్ మీద తెచ్చి గేటు దగ్గర దింపిపోయేవాడు. సదాశివ అతన్ని పైకి రమ్మనేవాడు కాదు. వస్తే లైటు వేయాలి కదా!

దీన్ని కూడా సదాశివ లాభాల్లోనే కలిపాడు. హాలు ఖాళీ! రిమోట్ తనదే! సోఫాలో సూది గుచ్చుకుంటుందన్న భయం లేదు! అయితే ఆ రిమోట్ పట్టుకుని ఏం చేయాలో తోచలేదు. కాలికింద పూస పడితే ఇంటికప్పు ఎగిరేలా అరిచిన మనిషి, ఇప్పుడు వంగి సోఫా కింద పూసలు వెతుక్కున్నాడు. పద్మ లేని హాలు ఆయనకు బొత్తిగా బాగోలేదు. ఆ మాట దుర్గేష్‌తోనైనా చెప్పుకుందామంటే, అతన్నీ లైటే తరిమేసింది.

చివరికి ఫోన్ చేశాడు.

"కరుణాకర్, గా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి..."

"వస్తున్న బావా."

అంతే అన్నాడు కరుణాకర్. 'ముందే చెప్పిన గదా' అని దెప్పలేదు. దెప్పకపోవడమే సదాశివకు ఎక్కువ గుచ్చుకుంది. వచ్చి పాతది ఊడదీసి, ఎల్ఈడీలకు సరిపడే కొత్తది బిగించాడు. సదాశివ స్టూలు పట్టుకున్నాడు. స్విచ్ వేస్తే లైట్లు కదలకుండా, చల్లగా వెలిగాయి.

మరునాడు సాయంత్రం ఆయన కోర్టు నుంచి త్వరగా వచ్చాడు. హాల్లో పద్మ లేదు. చీరల సంచీ లేదు. ఫోన్ చేశాడు.

"లైటు బాగైంది గదా పద్మా! మళ్ల నాంపల్లి ఎందుకు పోయినవ్?"

"చూసిన. మంచిగనే ఉన్నది."

"మరి?"

"నేను లైటు కోసం ఈడికి వచ్చిన అనుకున్నరా? కొట్టుకునే లైటు కింద గూడ ఎట్లనో అల్లుకుంటుంటి. అది మంచిదని మీరు రోజూ పక్కన నిలవడి చెప్తుంటిరి సూడుండ్రి, గది తట్టుకోలేక వచ్చిన. ఇప్పుడు బాగైన లైటు గురించి ఎత్తుకుంటరేమోనని, ఇయ్యాల గూడ ఈడనే ఉన్న."

సదాశివ తలెత్తి చూశాడు. నిజమే, నిలకడగా వెలిగే లైటు గురించి ఆయనకు అప్పటికే కొన్ని పాయింట్లు తట్టాయి. పాఠకులారా, చాలా మంచి పాయింట్లు! వాటిలో ఒక్కటీ పైకి అనకుండా, లైటార్పి, చెప్పులేసుకుని నాంపల్లి బయల్దేరాడు.