ఎలుగుబంటి చంటిబాబు గోల్‌కీపరైన వైనం

ఒక పెద్ద అడవిలో, ఆకులకంటే మంచే ఎక్కువ రాలే ఓ కొండ మూలన, పిల్ల జంతువుల ఐస్ హాకీ జట్టు ఒకటుండేది. చలికి మడుగు గడ్డకట్టగానే కర్రలు పట్టుకుని దిగేవాళ్లు. చెక్కబిళ్లను ఎదుటివాళ్ల గోల్లోకి నెట్టాలి, అంతే ఆట. ఈ జట్టు చరిత్ర చెప్పడం చాలా తేలిక. పుట్టింది, ఆడింది, ఓడింది.

కోచ్ నీటికుక్క రత్తమ్మకు మాత్రం ఆ జట్టంటే ప్రాణం. పడ్డ పిల్లల్ని లేపడంతోనే ఆవిడ మీసాలు నెరిశాయి. ఈ ఏడూ ఓడితే మడుగును అడవిపందుల బురదస్నానాలకు ఇచ్చేస్తామని అడవి పంచాయతీ తేల్చేసింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి రత్తమ్మకు చేప సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే జట్టు కార్యదర్శి నక్క నాగభూషణం ఓ భారీ శాల్తీని వెంటబెట్టుకొచ్చాడు. జట్టు అధ్యక్షుడు ఎలుగుబంటి వీర్రాజు గారి అబ్బాయి, చంటి.

"ఇకనుంచి గోల్‌కీపరు మన చంటిబాబేనమ్మా," అన్నాడు.

"ఇది పిల్లల జట్టు నాగభూషణం గారూ. ఈయనకి పెళ్లీడు కూడా దాటిపోయింది."

"ఎలుగులు చలికాలమంతా నిద్రే కదమ్మా. మేలుకున్న రోజులే వయసు కింద లెక్క. ఆ లెక్కన బాబు ఇంకా పసివాడే."

"మనం ఆడేదీ చలికాలమే కదండీ?"

"అవన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారు. మీరు కోచింగ్ చూసుకోండి."

నిన్నటిదాకా గోల్ కాసిన కుందేలు పిల్ల పైడి కళ్లనీళ్లు పెట్టుకుంది. రత్తమ్మ దాన్ని ముందు వరసలోకి పంపి, చంటిని గోల్లోకి తీసుకెళ్లింది. అధ్యక్షుడితో పేచీ పెట్టుకుంటే ఉన్న పదవీ ఊడుతుంది మరి.

పక్క కొండ జింకలతో మ్యాచ్ మొదలైంది. ఈల మోగేలోపే చంటి గోల్లో అడ్డంగా పడి గుర్రు పెట్టాడు. రత్తమ్మ తల పట్టుకుంది. కానీ జింకలు కొట్టిన దెబ్బలన్నీ ఆ బొజ్జకు తగిలి వెనక్కొచ్చేస్తున్నాయి. గోల్లో గోరంత సందు లేదు. చివర్లో పైడి ఒడుపుగా దూరి బిళ్లను అవతలి గోల్లోకి తోసింది. జట్టు గెలిచింది, మడుగు దక్కింది. రత్తమ్మ మంచు మీదే కూలబడి ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

సన్మానం మాత్రం చంటికి జరిగింది. లేవలేదు గనక శాలువాను దుప్పటిలా కప్పారు. పైడి పేరు ఎవరూ ఎత్తలేదు.

"ఒక్క బాబు పడుకుంటేనే ఇంత ఘనత. జట్టంతా మన బంధువులే అయితే?" అన్నాడు నాగభూషణం. వీర్రాజు గారు ఆవులించారు. దాన్నే అంగీకారంగా భావించి కార్యవర్గం తీర్మానం ఆమోదించింది.

మరుసటి ఏడాది పిల్లలందరినీ తీసేసి ఎలుగుల్ని దించారు.

"మంచు అంత బరువు మొయ్యదండీ. నా మాట వినండి," అని రత్తమ్మ బతిమాలింది.

"గెలిచిన పద్ధతి మార్చమంటారేంటమ్మా?" అన్నాడు నక్క.

ఎలుగులు మడుగు నడిమధ్యన ఒకరినొకరు ఆనుకుని వెచ్చగా పడుకున్నారు. కాసేపటికి మంచు ఫెళ్లున విరిగింది. మడుగంతా కలకబారి బురదైపోయింది. ఎలుగులు ఆ బురదలోనూ నిద్ర మానలేదు. ఎవరూ పిలవకుండానే అడవిపందులు వచ్చి పక్కన చేరాయి. పంచాయతీ మడుగును వాటికే ఖాయం చేసింది. ఇది ఎలా జరిగిందో తేల్చడానికి ఓ విచారణ సంఘం వేశారు. దానికీ అధ్యక్షుడు వీర్రాజు గారే. ఆయన ఇంకా లేవలేదు.

"మన మడుగు పోయినట్టేనా పిన్నీ?" అంది పైడి.

రత్తమ్మ గుండె చెరువైంది. అయినా కర్రలు భుజానికెత్తుకుంది. "పై కొండన ఇంకోటుందిలే, పదండి పిల్లలూ. కార్యదర్శి గారికి మాత్రం చెప్పకండి."

నీతి లేనిదే కథ మింగుడుపడనివాళ్లకు ఒక్క మాట: ఒక్కడు నిద్రపోతే గోల్‌కీపరు, అందరూ నిద్రపోతే కార్యవర్గం.