గుండీలు లేని మందులపెట్టె

డ్రాయింగు మాస్టారికి కొత్తగా తీసివేతల పిచ్చి పట్టుకుంది. బళ్లో జరగబోయే చేతిపనుల ప్రదర్శనకు ఇంట్లో ఉన్న మామూలు సరుకుతోనే ఏదో ఒకటి చేసి పెట్టాలట. అందులో ఒక్క దారప్పోగు కూడా అనవసరంగా ఉండకూడదట. ఆ నియమం పెట్టింది కూడా ఆయనే కాబట్టి తప్పించుకునే వీల్లేకపోయింది.

పాత పేపర్లతో దీపానికి గొడుగు చేశారు. లోపలి పుల్లలు అనవసరమని తీసేశారు, అది చతికిలబడింది. అట్టలతో స్టూలు చేశారు. నాలుగో కాలు దండగని పీకేశారు. దాని మీద కూర్చున్న బావమరిది మళ్లీ ఈ ఇంటి గుమ్మం తొక్కలేదు.

"అనవసరమైనవన్నీ తీసేస్తే మిగిలేదే అందమోయ్!" అన్నారు భార్యతో.

"అయితే ముందు మీ ఉపన్యాసాలు తీసెయ్యండి. ఇల్లు కళకళలాడుతుంది," అందావిడ.

ఆదివారం పొద్దున్నే ఆవిడ బజారుకెళ్లింది. మాస్టారి కన్ను వంటింటి కిటికీలో ఉన్న మందులపెట్టె మీద పడింది. మాస్టారి తల్లికి చూపు బాగా తగ్గింది. అందుకని కోడలు మూడు పెద్ద అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి అంటించి, సొరుగులకు గుండీలు కుట్టింది. పొద్దుటి మాత్రలకు ఒకటి, మధ్యాహ్నానికి రెండు, రాత్రికి మూడు. పెద్దావిడ వేలితో తడిమి చూసుకుని తన మందులు తానే వేసుకునేది.

"పనితనమంటే ఇదీ!" అనుకున్నారు మాస్టారు. "కానీ ఈ గుండీలే పంటి కింద రాళ్లు. ఒకటి ఎర్రది, ఒకటి నీలం, ఒకటి నా పాత చొక్కాది. ఏమిటీ గందరగోళం?"

కత్తెర తీశారు. ఆరు గుండీలూ రాలాయి. గోధుమరంగు కాగితం నున్నగా అంటించి, మూడు సొరుగులకూ ఒకేలాంటి దారపుముడి వేశారు. లోపల మాత్రలు గలగలలాడుతున్నా పట్టించుకోకుండా అటు తిప్పి, ఇటు తిప్పి, తలకిందులు చేసి మురిసిపోయారు. ఆరడానికి కిటికీలో పెట్టి స్నానానికెళ్లారు.

తిరిగొచ్చి చూస్తే ఏది పైదో ఏది కిందదో ఆయనకే తెలియలేదు. ఒకటి లాగారు. ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడోదీ ఖాళీయే!

"అమ్మా!" అంటూ తడితలతోనే పరుగెత్తారు. తల్లి వాలుకుర్చీలో కళ్లు మూసుకుని ఉంది. "అమ్మా, అన్నీ మింగేశావా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడే భార్య సంచీతో లోపలికొచ్చింది.

"నేనేనోయ్!" అని బావురుమన్నారు మాస్టారు. "గుండీలన్నీ నేనే కత్తిరించేశాను, ఆ పాడు ప్రదర్శన కోసం! అమ్మకేమైనా అయితే నేను మనిషిని కాను. డాక్టర్ని పిలువు!"

"అయిందా? ఇంకేమైనా మిగిలిందా చెప్పడానికి?" అంది తల్లి, కళ్లు తెరవకుండానే.

పెద్దావిడ తన కళ్లజోడు పెట్టె కోడలికి అందించింది. మాత్రలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

"వేలికి గుండీ తగల్లేదమ్మా. ఎవరి నిర్వాకమో వెంటనే తెలిసిపోయింది. నేనడిగితే బుకాయిస్తాడు, వాడి నోటితోనే రానిద్దామని కూర్చున్నా. వేళ దాటిపోతోంది, ముందు పొద్దుటిది ఇవ్వు."

మాత్ర మింగి కొడుకు వైపు తిరిగింది.

"ఒకళ్లని అడగకుండా నేను చేసుకునే పని ఈ ఇంట్లో అదొక్కటేరా నాన్నా. అదీ అనవసరమైపోయిందా నీకు?"

మాస్టారు సిగ్గుతో తలెత్తలేకపోయారు.

భార్య సూదీ దారం, చెత్తబుట్టలోంచి ఏరిన ఆరు గుండీలూ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "కుట్టండి. కుట్టాక కళ్లు మూసుకుని తడమండి. మీకు తెలిస్తేనే అత్తయ్యకిద్దాం."

నాలుగుసార్లు వేలు పొడుచుకుని, మాస్టారు పని పూర్తిచేశారు. కళ్లు మూసుకుని తడిమారు. ఒకటి... రెండు... మూడు. "ఇది రాత్రిది," అన్నారు.

పెద్దావిడ పెట్టె అందుకుని నింపాదిగా వేలు పోనిచ్చింది.

"మధ్యాహ్నందానికి ఒక గుండీ వదులుగా ఉంది. విప్పి మళ్లీ కుట్టు."

మాస్టారు మళ్లీ సూదిలో దారం ఎక్కించారు.