బనీనుతో వడకట్టిన ఇంజనాయిల్

పొద్దున తొమ్మిదింటికి ఆవిడకి డ్రైవింగ్ పరీక్ష. మూడోసారి! ఈసారీ పోతే సోమవారం చేరాల్సిన ఉద్యోగం గోవిందా. కారు ఆ కంపెనీయే ఇస్తుందట, లైసెన్సు మాత్రం మనమే తెచ్చుకోవాలట. ఇంత ముఖ్యమైన రోజున "కారు సంగతి నేను చూసుకుంటాగా!" అన్నాడు మొగుడుగారు. ప్రమాదం సరిగ్గా అక్కడే మొదలైంది.

ఆయన్ని ఆఫీసులో 'మళ్ళీవాడకం' అంటారు. చిరిగిన కవరు కూడా పారేసిన పాపాన పోలేదు మహానుభావుడు. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే కాస్త తక్కువగా ఉంది. కొత్త డబ్బా కొనాలా? రెండేళ్ళ కిందట ఇదే ఇంజన్లోంచి తీసిన ఆయిల్ మెట్ల కింద నిక్షేపంలా ఉండగా!

"అది తారులా ఉందండీ బాబూ!" అంది ఆవిడ.

"మడ్డంతా అడుక్కి దిగిపోయిందే. ఇది అనుభవమున్న ఆయిల్, నీకేం తెలుసు!"

ఆ అనుభవాన్ని పాత బనీనుతో వడకట్టి పోశాడు. వెంటనే పుల్ల పెట్టి చూశాడు, పెరగలేదు. పోసింది కిందికి దిగడానికి కాసేపు పడుతుందని మెకానిక్కులకి తెలుసు. ఈయన మెకానిక్కులని మించిన మేధావి కదా, ఇంకాస్త పోశాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ పోశాడు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ పరిశోధన సాగింది.

పరీక్ష మైదానం వీధి చివరే. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని "పోనీమ్మా" అన్నాడు. మొదటి మలుపు తిరిగిందో లేదో, ఎక్కువైన ఆయిల్ మండి కారు వెనక నీలం పొగ గుప్పుమంది.

"ఆపు! ఆపవే!" అంటూ మొగుడు బనీను ఊపుతూ పరిగెత్తాడు. అద్దంలో చూసిన ఆవిడ, పాపం హుషారిస్తున్నాడనుకుని ఇంకో గేరు వేసింది. ఆ కేకలు విన్న వాచ్‌మన్ బ్రేకులు పోయాయనుకుని గేటు మూసి విజిలేశాడు. విజిల్ విన్నవాళ్ళెవరో ఫైరింజన్ని పిలిచారు. అదీ గంట కొట్టుకుంటూ వచ్చేసింది!

ఈలోగా ఆవిడ ముందున్న మీటర్లలో ఇంజను హెచ్చరిక ఎర్రదీపం వెలిగింది. ఆవిడ చక్కగా పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, "సార్, దిగి దూరంగా నిలబడండి" అంది.

ఫైరింజన్ వాళ్ళు కారుకి తలంటు పోశాక ఇన్‌స్పెక్టరు దగ్గుతూ అన్నాడు: "ఇరవై ఏళ్ళ సర్వీసులో నా ప్రాణం సంగతి ఆలోచించింది నువ్వొక్కదానివే తల్లీ. పాస్! ఇంతకీ ఇంజన్లో ఏం పోశారు?"

"అనుభవమున్న ఆయిలండీ. మావారే పోశారు."

ఇన్‌స్పెక్టరు రెండో కాగితం రాశాడు. అది కారుకి, రోడ్డెక్కకూడదని. క్రేను దాన్ని తగిలించుకుని పోయింది.

"మరి నేను ఆఫీసుకెలా వెళ్ళాలే?" అన్నాడు మొగుడు నీరసంగా.

"నా కంపెనీ కారులో దింపుతాలెండి. బానెట్ ముట్టుకోనని ఒట్టేస్తేనే!"

ఆయన ఒట్టేసి, బనీనుని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ పనికొస్తుందని.